మేస్త్రి పంపిన మంచి శాంపిలు

మా పుట్టిల్లు చిత్తూరు పక్కన కాబట్టి నాకు తెలుగు చదవడం, రాయడం వచ్చు. అరవ సీమలోని ఈ గుడియాత్తంలో మా వీధి వీధంతా తెలుగే మాట్లాడుతుంది గానీ, తెలుగు అక్షరం ముక్క ఎవరికీ రాదు. బస్సు బోర్డు మొదలుకొని పెళ్ళి పత్రిక దాకా అంతా అరవంలోనే చదువుకుంటారు. ఆ ధైర్యంతోనే ఇది రాస్తున్నాను. గుణశేఖర్ మేస్త్రి ఈ కాగితాన్ని చేతిలో పట్టుకున్నా, అటూ ఇటూ తిప్పి చూసి, ఏదో గుడి నోటీసు అనుకుని కళ్ళకద్దుకుని పక్కన పెడతాడు.

నా పేరు గోమతి. ఇడ్లీ పిండి రుబ్బి అమ్ముతాను. మేస్త్రి ఇంటికీ మా ఇంటికీ మధ్య ఒకే గోడ. ఆ గోడ కట్టింది కూడా ఆయనే, అందుకే అవతలి మాటలన్నీ ఇవతలికి వినబడతాయి.

మేస్త్రి తాతలు బావులు తవ్వారు, తండ్రి రాళ్ళు కొట్టాడు, ఈయన ఇళ్ళు కడతాడు. మనిషి చెడ్డవాడు కాడు. పనివాళ్ళకు వేళకు టీ ఇప్పిస్తాడు, పండగొస్తే ఆడవాళ్ళకు చీరలు పెడతాడు. కాకపోతే ఆయన పనిలో తప్పు అనేదే ఉండదు. స్లాబు కారితే వాన తప్పు, గోడ పగిలితే నేల తప్పు, మెట్లు ఎగుడుదిగుడైతే ఎక్కేవాడి కాళ్ళ తప్పు. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు బతకడంలో ఆయన్ని మించినవాళ్ళు మా తాలూకాలో లేరు.

ఆయన పనితనంలో ఒక్క సంగతి చెప్పాలి. పెద్ద కట్టడాలకు ఇంజనీరు ఉంటాడు. స్లాబు పోసే రోజున అదే కాంక్రీటు కొంచెం తీసి ఇనుప పెట్టెల్లో దిమ్మెలు పోయించి, ఆరాక నీళ్ళలో నానబెట్టి, లాబుకు పంపి, నలగ్గొట్టి బలం చూస్తారు. ఆ దిమ్మెను క్యూబు అంటారు. క్యూబు గట్టిగా ఉంటే స్లాబూ గట్టిదే అని నమ్మకం. మన మేస్త్రి స్లాబుకు కాంక్రీటు ఒక కలవ కలుపుతాడు, క్యూబుకు ఇంకొకటి. క్యూబు కలవలో సిమెంటు పెళ్ళివారి పాయసంలో నెయ్యిలా పడుతుంది. లాబులో ఆయన క్యూబు ఒక్కటి కూడా ఫెయిలైన పాపాన పోలేదు. "క్యూబు వేరే, స్లాబు వేరే నాయనా" అని కొత్తగా చేరినవాళ్ళకు మొదటి రోజే ఉపదేశం చేస్తాడు.

ఆయన భార్య చిత్రది కే.వి.కుప్పం. పెళ్ళికి ముందు ఈయన సైటులోనే నెత్తిన కాంక్రీటు గమేళా మోసేది. ఆ క్యూబు పెట్టెలు కడిగి, నూనె పూసి పెట్టే పని కూడా ఆమెదే. పనిలోనే ఒకరినొకరు చూసుకుని, పెద్దలు ఒప్పుకుని పెళ్ళి చేశారు. ఆ తర్వాత పిల్లలు పుట్టలేదు.

పిల్లలు లేకపోతే మా వీధిలో విచారణ అక్కర్లేదు, తీర్పు ముందే రాసి ఉంటుంది. మేస్త్రి తల్లి ధనమ్మ కోడలికి మంగళవారాలు ఉపవాసం పెట్టింది. ఆలంగాయం నుంచి కొండ వేరు తెప్పించి కషాయం తాగించింది. అది తాగి చిత్రకు వాంతులైతే, నెల తప్పిందేమోనని వీధంతా చక్కెర పంచింది. గంగమ్మ గుళ్ళో ఉయ్యాల కట్టించింది. మేల్పాడి గుడికి తీసుకుపోయి తడిబట్టలతో ప్రదక్షిణాలు చేయించింది. ఇంత యజ్ఞంలో మేస్త్రి చేసిన సాయం, గుడి బయట నిలబడి చిత్ర చెప్పులు కాపలా కాయడం.

అత్త కొట్టిన కుండ అడుగోటి కుండ, కోడలు కొట్టిన కుండ కొత్త కుండ. ధనమ్మకు పెళ్ళయిన చాలా కాలానికి గానీ గుణశేఖర్ పుట్టలేదు. ఆ సంగతి ఎవరైనా ఎత్తితే, "అది వేరే, మా ఇంటాయన సైన్యంలో ఉన్నెడు" అనేది. ఆయన సైన్యంలో లేడు, ఆంబూరులో తోళ్ళ షెడ్డులో ఉన్నాడు. వారం వారం ఇంటికి వచ్చేవాడు.

ఇక తట్టుకోలేక చిత్ర ఒకరోజు నా దగ్గర కూర్చుంది.

"గోమతక్కా, అత్త ఆలంగాయంలో మోహనమ్మ కూతుర్ని చూసి పెట్టింది. లోకేశ్వరి అంట పేరు. వచ్చే సంక్రాంతికి, తై మాసంలోపల నాకు కడుపు నిలవకపోతే, ఆ పిల్లని ఈ ఇంటికి తెస్తారంట."

"రెండో పెండ్లికి చట్టం ఒప్పుకోదు కదమ్మా" అన్నాను.

"నేనూ అదే అన్నెను. చట్టం బిడ్డని కని ఇస్తాదా అని అడిగింది అత్త."

మర్నాడే ఆమెను వేలూరుకు బస్సెక్కించి, జెసింత డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయాను. డాక్టరమ్మ అరవం, తెలుగు కలిపి మాట్లాడుతుంది. చిత్ర తాగిన కషాయాల జాబితా విని తల పట్టుకుంది.

"పిల్లలు కాకపోవడానికి ఆడదాంట్లో కారణాలు ఉంటాయి. అండం సరిగ్గా విడుదల కాకపోవడం, గొట్టాలు మూసుకోవడం, గర్భసంచిలో గడ్డలు, థైరాయిడు, ఇట్లాంటివి. మగవాడిలోనూ అంతే ఉంటాయి. ఇంచుమించు సగం సగం అనుకోమ్మా. కొందరికి ఇద్దరిలోనూ ఉంటుంది, కొందరికి ఎంత వెతికినా కారణమే దొరకదు. అందుకని ఇద్దర్నీ చూడాల. మగవాడి పరీక్ష అన్నిటికంటే సులువు. సూది లేదు, కత్తి లేదు. ముందు మీ ఆయన్ని రమ్మను."

ఈ మాట చెబితే మేస్త్రి నవ్వాడు. "నాకేమప్పా? సిమెంటు మూటని ఒంటిచేత్తో ఎత్తుతా!" అని వాకిట్లో ఉన్న మూటను ఎత్తి చూపించాడు కూడా. సిమెంటు మూటకూ దీనికీ సంబంధమేమిటో నాకు అర్థం కాలేదు గానీ, ధనమ్మకు మాత్రం కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అయినా చిత్ర పట్టు వదల్లేదు. చివరికి వేలూరు దాకా రాలేను, వీర్యం శాంపిలు ఇక్కడే గుడియాత్తం లాబులో ఇస్తానన్నాడు. ఇంటి దగ్గరే పట్టి, చల్లారకుండా జేబులో పెట్టుకుని, గంటలోపల లాబుకు చేర్చవచ్చని తెలుసుకున్నాడు. అట్లాగే చేర్చాడు.

రిపోర్టు వచ్చింది. కణాల సంఖ్య బాగుంది, కదలిక బాగుంది, ఆకారం బాగుంది. మేస్త్రి దాన్ని ప్లాస్టిక్ కాగితం వేయించి గట్టి చేయించుకున్నాడు. వీధంతా మైసూర్ పాక్ పంచాడు. మా ఇంటికి పొట్లం ఇస్తూ, "పాసక్కా" అన్నాడు, ప్లస్ టూ పాసైన పిల్లాడిలాగా. ఆ మైసూర్ పాక్ బాగుందని ఇప్పటికీ ఒప్పుకుంటాను.

"విత్తనం మంచిదని సర్కారే చెప్పింది" అంది ధనమ్మ. ప్రైవేటు లాబు ఆమె నోట్లో సర్కారైంది. "ఇంక నేలదే తప్పు. గొడ్డునేలలో ఏం చల్లితే ఏం మొలుస్తాది?"

ఆ రిపోర్టు నమ్మి డాక్టరమ్మ చిత్రలో లోపం వెతకడం మొదలుపెట్టింది. రక్తం తీశారు. స్కానింగులు తీశారు. గర్భసంచిలోకి మందు ఎక్కించి, గొట్టాలు తెరుచుకున్నాయో లేదో ఎక్స్‌రేలో చూశారు. ఆ రోజు పిల్ల నా చెయ్యి పట్టుకున్న పట్టుకు నా గాజు విరిగింది. నోరు మాత్రం విప్పలేదు. అన్నీ బాగున్నాయి. అండం పెరగడానికి మాత్రలిచ్చారు, అండం చక్కగా పెరిగింది. పొట్టకు చిన్న రంధ్రం చేసి కెమెరా పెట్టి చూశారు. అక్కడా ఏమీ లేదు. ఒక్కో పరీక్ష బాగుందని వచ్చినప్పుడల్లా ధనమ్మ గోడ అవతల నుంచి అనేది, "అన్నీ బాగుంటే బిడ్డ యాడ? ఆ డాక్టరమ్మకే తెలీని రోగం ఇది!" నాకు ఒళ్ళు మండిపోయేది. లోపం లేదని తేలేకొద్దీ లోపం ఎక్కువైందని లెక్క కట్టిన మనిషి లోకంలో ఆమె ఒక్కతే.

మీ ఆయన్ని మా దగ్గర ఇంకొకసారి పరీక్ష చేయించుకోమ్మా అని డాక్టరమ్మ పదే పదే అడిగింది. పాసైన రిపోర్టు ఉండగా మళ్ళీ ఎందుకని మేస్త్రి ఆ ప్లాస్టిక్ కాగితాన్నే పంపించేవాడు. చివరికి ఆమె ఐ.యు.ఐ. చేద్దామంది. అండం విడుదలయ్యే వేళకు భర్త వీర్యం తీసుకుని, లాబులో శుభ్రం చేసి, చురుకైన కణాలను మాత్రం సన్నని గొట్టంతో గర్భసంచిలోకి పంపడం. శాంపిలు మాత్రం ఆసుపత్రిలోనే ఇవ్వాలి, జేబులో తెస్తే కుదరదు.

ఆ ఉదయం నేనూ చిత్రా బస్సులో పోయాం. మేస్త్రి బండి మీద వచ్చాడు. వెనక సెంట్రింగ్ పనివాడు మణికందన్ ఉన్నాడు. తలకు నూనె పెట్టి, ఇస్త్రీ చొక్కా వేసి, పెళ్ళిచూపులకు వచ్చినట్టున్నాడు. మణికందన్ ఇంటినిండా పిల్లలే.

"వీడెందుకొచ్చినాడు?" అన్నాను.

"కాట్పాడిలో సైటు చూసుకోని పోతామక్కా" అన్నాడు మేస్త్రి, నా కళ్ళల్లోకి చూడకుండా.

నర్సు ఆధార్ కార్డు చూసి, మొహం చూసి, మూత ఉన్న డబ్బా చేతికిచ్చి పక్క గది చూపించింది. మేస్త్రి నడిచాడు. వెనకాలే మణికందన్ నడిచాడు. నర్సు అడ్డం నిలబడింది.

"ఇద్దరు యాడికి? ఒకరే పోవాల."

"మా తమ్ముడమ్మా. నాకు ఒంటిగా పోవాలంటే బయం. తోడుకి."

"ఇందులో తోడేమిటయ్యా!" అంది నర్సు. హాలంతా తలెత్తి చూసింది.

కుర్చీలో కూర్చున్న చిత్ర లేచింది. మణికందన్ చొక్కా చూసింది, మొగుడి చేతిలో డబ్బా చూసింది. మెల్లగా దగ్గరికి పోయి అడిగింది.

"మామా, గుడియాత్తంలో క్యూబు పోసినావా?"

నాకు వెంటనే అర్థం కాలేదు. ఆయనకు అర్థమైంది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు మణికందనే ముందు బయటపడ్డాడు. "వదినా, నన్ను అనొద్దు. అన్న అడిగినాడు, ఇచ్చినా. ఆ పొద్దు కూడా అన్నకోసరమే. ఒక బిర్యానీ పొట్లం తప్ప ఏమీ తీసుకోలే, ఆ గంగమ్మ సాచ్చి!"

చిత్ర గొంతు పెంచలేదు. "ఆ గొట్టం లోపలికి పోయినప్పుడు నేను చచ్చి బతికినా. పొట్ట కోసినారు. అన్నీ ఈ మణి రిపోర్టు కోసరం. ఈ పొద్దు ఈ నర్సమ్మ అడ్డం నిలవకపోతే, నా కడుపులో ఎవరి బిడ్డ పెరిగేది మామా?"

మేస్త్రి తెల్లమొహం వేశాడు. ఒట్టు పెట్టి చెబుతున్నాను, ఆ సంగతి ఆయన ఆలోచించనే లేదు. క్యూబును లాబులో నలగ్గొట్టి పారేస్తారు. ఇది నలగ్గొట్టి పారేసేది కాదు, పెరిగి పెద్దదై నాన్నా అని పిలిచేది. ఇన్ని ఇళ్ళు కట్టిన బుర్రకు అంత మాత్రం తట్టలేదు. ఎట్లాగైనా పాసైతే చాలనుకున్నాడు.

డాక్టరమ్మ విషయం విని ఆ రోజు చేయాల్సిన ఐ.యు.ఐ. ఆపేసింది. మణికందన్‌ను గేటు దాకా పంపించి, మేస్త్రిని గదిలో కూర్చోబెట్టి కడిగి ఆరేసింది. తర్వాత ఆయన సొంత శాంపిలు చూశారు. కొన్నాళ్ళు ఆగి మళ్ళీ చూశారు. కణాలు వెతికితే కనబడేంత తక్కువ, వాటిలో కదిలేవి ఇంకా తక్కువ.

"ఇది నీ తప్పు కాదయ్యా, నీ మగతనానికీ దీనికీ సంబంధం లేదు" అంది డాక్టరమ్మ. "బీజాల దగ్గర రక్తనాళాలు ఉబ్బి ఉండాయి, వేడి ఎక్కువైపోతాది. నువ్వు దవడలో పెట్టుకునే ఆ పొగాకు ఒకటి. ముందు అది మానేయి. ఆపరేషన్ చేస్తే కొందరికి పెరుగుతాది, కొందరికి పెరగదు. నీకైతే ఇక్సీ మేలు. నీ కణాల్లో మంచిది ఒకటి ఏరి, సన్నని సూదితో ఆమె అండంలోకి ఎక్కించి, పిండం తయారయ్యాక గర్భసంచిలో పెడతాం. తప్పకుండా నిలుస్తుందని మాత్రం చెప్పను. అట్లా చెప్పేవాళ్ళు ఉంటే వాళ్ళ దగ్గరికి పోకండి."

"అండాలు ఎట్ల తీస్తారు డాక్టరమ్మా?" అంది చిత్ర.

"నీకు రోజూ సూదులు వేయాల. అండాలు పెరిగినాక మత్తిచ్చి తీస్తాం."

"కొరత ఈయనది. సూదులు నాకా?"

డాక్టరమ్మ కలం పక్కన పెట్టింది. "అవునమ్మా" అంది. "ఈ వైద్యంలో అదొక అన్యాయం ఉండాది. అండాలు నీ దగ్గరే ఉండాయి కదా."

చిత్ర సరేనంది, ఎందుకంటే ఆమెకు బిడ్డ కావాలి. అత్త కోసం కాదు, ఊరి కోసం కాదు, తనకే కావాలి. ఆ మాట ఆమె బస్సులో నాతో అంది.

మేం దిగేసరికి బండి మీద ముందే వచ్చిన మేస్త్రి బస్టాండులో ఆమె వెనకాలే నిలబడి గొణిగాడు. "చిత్రా, అమ్మకి చెప్పొద్దే. నీకేదో వైద్యం అని చెప్పేద్దాం."

"నేను చెప్పను మామా. నువ్వే చెప్పాల. నువ్వు చెప్పేదాకా ఒక్క సూది కూడా ఏసుకోను."

సూది మందు చల్లగా ఉండాలి కాబట్టి ఆ మందు డబ్బా మా ఫ్రిజ్‌లో పిండి గిన్నెల పక్కన చేరింది. మేస్త్రి వచ్చి, "మందు చల్లగా ఉండాదా అక్కా?" అని తలుపు తెరిచి చూసి పోయేవాడు. చల్లగానే ఉంది, చల్లారనిది ఆయన భయమే. సూది మొదలుపెట్టాల్సిన రోజు దగ్గరపడ్డాక తల్లి ముందు కూర్చున్నాడు. గోడ ఇవతల నేను రుబ్బురోలు ఆపి, పెచ్చు ఊడిన సందులోంచి చూశాను.

"అమ్మా, ఇద్దరిలోనూ కొంచెం కొంచెం కొరత ఉండాదంట."

"ఎక్కువ ఎవరికి?"

"ఆమెకే."

స్లాబుకు సిమెంటు తగ్గించే అలవాటు మాటలోనూ పోలేదు. చిత్ర లోపల నుంచి వచ్చి ఊరికే నిలబడింది. ఆయన తల దించుకుని, "నాకేనమ్మా. అంతా నాకే. ఆ రిపోర్టు నాది కాదు" అన్నాడు.

ధనమ్మ ఏడుస్తుందనుకున్నాను, కోడల్ని ఒక్కసారైనా దగ్గరికి తీసుకుంటుందనుకున్నాను. నా పిచ్చి గానీ.

"శరి. సూది ఏసేది దానికే కదా" అంది. "ఊరు దానికే అనుకోనీ. మగోని పేరు ఎందుకు చెడగొట్టేది? ఆలంగాయం మోహనకి మాత్రం ఈ మాట పోనీకు. దీనికి నిలవకపోతే ఆ పిల్ల ఉంటాది."

మేస్త్రి తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాడు. చిత్ర మా ఇంటికి వచ్చి, ఫ్రిజ్ తెరిచి, డబ్బా తీసుకుని పోయింది.

ఆ సాయంత్రం ఆమె సూది వేసుకుంది. లోపల కాదు, వీధి అరుగు మీద. మా వీధి చివర ఉండే నర్సు సుగంతి డ్యూటీ ముగించుకుని వచ్చేటప్పుడు ఆగి, చీర కొంచెం పక్కకు తప్పించి, పొట్ట పక్కన వేసింది. అది వీధిలో అందరూ కొళాయి దగ్గర చేరే వేళ. మర్నాడూ అంతే. పొట్ట మీద నల్లగా కమిలింది.

"దేనికమ్మా ఈ సూది?" అని బిందెలు దించి మరీ అడిగారు.

"మా మామని అడగండి" అనేది చిత్ర. అంతకంటే ఒక్క ముక్క చెప్పేది కాదు.

మామ ఆ వేళకు ఇంట్లో ఉంటే కదా. ఎప్పుడూ లేనిది సైట్లన్నీ సాయంత్రమే పిలిచేవి.

ఇట్లా జరుగుతుండగా ఒక సాయంత్రం ఆలంగాయం మోహనమ్మ దిగింది, చేతిలో అరటిపళ్ళు, తమలపాకులు. తాంబూలాలకు రోజు మాట్లాడుకుని పోదామని వచ్చింది. అరుగు మీద సుగంతి సూదిలోకి మందు ఎక్కించుకుంటోంది, నేను పక్కనే ఉన్నాను. మోహనమ్మ మెట్టు మీదే ఆగిపోయింది.

"దేనికి తల్లీ సూది?"

"మామని అడుగమ్మా" అంది చిత్ర.

ధనమ్మ లోపల నుంచి పరుగెత్తుకొచ్చింది. "ఒళ్ళు నొప్పులు, జొరం. రా మోహనా, లోపలికి రా, కాఫీ పెడతా."

అప్పుడే మేస్త్రి బండి ఆపాడు. ఏదో మరిచిపోయి వచ్చినట్టున్నాడు, మమ్మల్ని చూసి బండి తిప్పబోయాడు. మోహనమ్మ పిలిచింది. "ఏం నాయనా, జొరానికి పొట్టలో ఏస్తారా సూది?"

మేస్త్రి తల్లి వైపు చూశాడు. తల్లి కళ్ళతోనే వద్దంది. చిత్ర వైపు చూశాడు. చిత్ర ఆయన్ని చూడటం లేదు, సూది దిగే చోటే చూసుకుంటోంది. కొళాయి దగ్గర నీళ్ళు బిందెలు నిండి పొర్లుతున్నా ఎవరూ కట్టలేదు. పోయే సైటు ఆయనకు ఇంక దొరకలేదు.

"కొరత నాకమ్మా" అన్నాడు. కొళాయి దాకా వినబడేట్టు మళ్ళీ అన్నాడు. "చిత్రకి ఏమీ లేదు. బిడ్డలు కాంది నావల్ల. సూది మాత్రం ఆమె ఏసుకుంటా ఉండాది. నీ బిడ్డని వేరే యాడన్నా ఇయ్యి."

మోహనమ్మ కోపంతో ఊగిపోతుందనుకున్నాం. ఆమె పళ్ళు, తమలపాకులు మెట్టు మీద దించింది. "తాళి పడక ముందే చెప్పినావు, అంతవరకు బతికిస్తివి" అంది. "లేకుంటే ఇదే అరుగు మీద నా లోకేశ్వరి కూర్చోనుండును." ధనమ్మను దాటుకుని వచ్చి చిత్ర పక్కన కూర్చుంది. కమిలిన చోట వేలితో మెల్లగా తాకింది.

"నొప్పిగా ఉండాదా తల్లీ?"

ఇన్నేళ్ళలో ఆ ఇంట్లో ఎవరూ అడగని మాట అది. గొట్టంలో మందు పోసినప్పుడు ఏడవని పిల్ల, పొట్ట కోసినప్పుడు ఏడవని పిల్ల, సవతిగా రావలసిన అమ్మాయి తల్లి భుజం మీద తల పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. మేస్త్రి బండి తాళం చేతిలో పట్టుకుని అక్కడే నిలబడ్డాడు. ఆయన కళ్ళూ తడిసాయి. జాలిపడదామనుకున్నాను గానీ, ఆ పని నాకు అంత తొందరగా చేతకాలేదు.

ధనమ్మ లోపలికి పోయి టీవీ సీరియల్ పెద్దగా పెట్టుకుంది.